కాలు విరిచే కాపరి బైబిల్లో లేడు

ప్రశ్న: మా ఊళ్లో సండే స్కూలు నడుపుతున్నాను. వచ్చే శుక్రవారం గృహకూడికలో 23వ కీర్తన మీద 20 నిమిషాలు మాట్లాడమన్నారు. కూడిక మా సంఘంలోని ఒక అక్క ఇంట్లో. మూడు నెలల కిందట ఆమె తొమ్మిదేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. "తప్పిపోయే గొర్రెపిల్ల కాలు కాపరే విరగ్గొట్టి, మానేదాకా భుజాన మోస్తాడు, ఆ సంగతి చెప్పమ్మా" అని సంఘ పెద్ద ఒకాయన అన్నారు. ఆ ఇంట్లో ఆ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అసలది నిజమేనా? ఇంకో సంగతి. పోయిన ఆదివారం ఒక పిల్లాడు "టీచర్, కాపరి గొర్రెల్ని పెంచేది కోతకు అమ్మడానికేగా?" అన్నాడు. దానికీ జవాబు చెప్పలేకపోయాను. – ఒక సోదరి, పల్నాడు జిల్లా

సమాధానం: ఆ కథ చెప్పకండి. ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా వెతికినా అది కనపడదు. మంద మీద బతికేవాడెవడూ చేసే పని కూడా కాదది. మీ వైపు మాచర్ల గొర్రెలు మేపేవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి, నవ్వుతారు. కాలు విరిగిన గొర్రె మందతో నడవలేదు, కడుపునిండా మేయలేదు, వెనకబడి కుక్కల పాలవుతుంది. లేత పిల్లకైతే ఎముక అతకడానికి మూడు నాలుగు వారాలు, ఎదిగినదానికి ఆరు వారాల దాకా పడుతుంది. మెత్తటి గుడ్డ చుట్టి, దాని మీద వెదురు బద్దలు పెట్టి, విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న కీళ్లు రెండూ కదలకుండా కట్టాలి. కట్టు మరీ బిగిస్తే కింద డెక్క దాకా వాచి, చల్లబడి, కాలు కుళ్లుతుంది. వదులైతే ఎముక వంకరగా అతుకుతుంది. ప్రమాదం జరిగితే ఇంత పాటూ పడతారు గానీ, చేతులారా ఎవరూ తెచ్చిపెట్టుకోరు. మంద వదిలిపోయే అలవాటున్నదానికి మెడలో గంట కడతారు, మరీ మాట వినకపోతే కాళ్లకు వదులుగా బందం వేస్తారు.

గ్రంథమైతే దీనికి నేరుగా ఎదురు చెబుతుంది. యెహెజ్కేలు 34వ అధ్యాయం 4వ వచనం తీయండి. ఇశ్రాయేలు పాలకుల్ని కాపరులని పిలిచి దేవుడు వాళ్ల మీద మోపిన నేరాలు అక్కడున్నాయి: రోగం వచ్చినవాటిని బాగు చేయలేదు, గాయపడ్డవాటికి కట్టు కట్టలేదు, తప్పిపోయినవాటిని వెతకలేదు, బలాత్కారంతో ఏలారు. 16వ వచనంలో ఆ పనులన్నీ తానే చేస్తానంటాడు. కట్టు కట్టే దేవుణ్ణి కాలు విరిచేవాడిగా చూపించాలంటే ఆ వచనాన్ని చింపేయాలి. లూకా 15లో నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోయి దొరికినప్పుడు కాపరి దాన్ని "సంతోషముతో" భుజాల మీద వేసుకుంటాడని ఉంది. ఎదిగిన గొర్రె 35, 40 కిలోలు తూగుతుంది. రాళ్ల దారిలో ఆ బరువుతో నడుస్తూ సంతోషించాడు. ఉపమానం బలమంతా అందులోనే ఉంది.

పెద్దాయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. మైకుల్లో పదిమంది నోట విన్నదే మీకు చెప్పారు. కానీ బిడ్డ పోయిన ఇంట్లో ఆ కథ చెబితే, "నువ్వు దారి తప్పకుండా ఉండాలని దేవుడు నీ కొడుకును తీసుకున్నాడు" అన్నట్టుగా తప్ప ఆ తల్లి చెవికి మరోలా వినిపించదు. కూడికకు ముందే ఆయనతో విడిగా, మర్యాదగా మాట్లాడండి. "ఆ మాట బైబిల్లో ఎక్కడుందండీ" అని నిలదీస్తే ఆయనకు అది పరువు సంగతి అవుతుంది. అంతకంటే లూకా 15:5, యెహెజ్కేలు 34:16 తీసి ఆయన ముందు చదివి, "ఇవి చెబుదామనుకుంటున్నానండీ" అనండి. ప్రేమించినవాణ్ణి ప్రభువు శిక్షిస్తాడనే హెబ్రీ 12:6 ఆయన ఎత్తవచ్చు. ఆ భాగం విశ్వాసం కోసం హింస పడుతున్నవాళ్లకు, తండ్రీ కొడుకుల పోలికతో రాసింది. ఒకరికి బుద్ధి చెప్పడానికి మరొకరి బిడ్డను చంపడమనే ఆలోచన అందులో ఎక్కడా లేదు.

ఇంకా గట్టి ఆధారం కావాలంటే యోహాను 9, 10 అధ్యాయాలు కలిపి చదవండి. "నేను గొర్రెలకు మంచి కాపరిని" అనే మాట 10వ అధ్యాయంలో ఉంది కాబట్టి చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. నిజానికి ఆ సంభాషణ 9వ అధ్యాయం నుంచి తెగకుండా నడుస్తుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన మొదటి ప్రశ్నే, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడు, వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని. యేసు రెండూ కాదన్నాడు. చూపు వచ్చినవాణ్ణి పరిసయ్యులు వెలివేశారు. ఆ సంగతి విని యేసు వెతుక్కుంటూ పోయి అతన్ని కలిశాడు. ఆ వెంటనే, ఆ పరిసయ్యులకే, దొంగ గురించీ జీతగాడి గురించీ మంచి కాపరి గురించీ చెప్పాడు. కాపరి పోలిక అక్కడ ఆకాశం నుంచి ఊడిపడలేదు. కష్టానికి కారణం అతని పాపంలోనో తల్లిదండ్రుల పాపంలోనో వెతికిన జనం నడుమ, వెలేసిన ఒక మనిషి పక్షాన నిలబడి చెప్పిన మాట అది. మీ పెద్దాయన కథ శిష్యుల ప్రశ్న వైపు నిలబడుతుంది. మీరు యేసు జవాబు వైపు నిలబడండి.

ఇక పిల్లాడి ప్రశ్న. చాలా మంచి ప్రశ్న అడిగాడు, దాటవేయకండి. అవుననే చెప్పండి. ఆ కాలపు ఇశ్రాయేలీయులు కూడా పాలకు, ఉన్నికి, మాంసానికి, బలికి గొర్రెల్ని పెంచారు. అదే సమయంలో 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త చెప్పిన కథలోని పేదవాడికి ఒక్కటే ఆడ గొర్రెపిల్ల. అది అతని పిల్లలతో కలిసి పెరిగింది, అతని చేతి ముద్ద తింది, అతని గిన్నెలో తాగింది, అతనికి కూతురిలా ఉంది. దాన్ని ధనవంతుడు కోసి చుట్టానికి వండాడు. గొర్రె బతుకులో ఈ రెండూ ఉన్నాయని బైబిలు రాసినవాళ్లకు బాగా తెలుసు. దాచలేదు కూడా. 44వ కీర్తనలో జనం దేవుణ్ణే నిలదీస్తారు: తినడానికి గొర్రెల్ని అప్పగించినట్టు మమ్మల్ని అప్పగించావే అని. 23వ కీర్తన ఉన్న పుస్తకంలోనే ఆ ఫిర్యాదూ ఉంది. శుక్రవారం కూడికలో ఆ ముక్క చెప్పక్కర్లేదు గానీ, ఆ అక్క ఎప్పుడైనా మీతో ఒంటరిగా "దేవుడెందుకిలా చేశాడు" అని కోపంగా అంటే, అది అవిశ్వాసమని సరిదిద్దకండి. 44వ కీర్తన తీసి చదివి వినిపించండి. గ్రంథంలో ఆమె కోపానికి చోటుంది.

పిల్లాడికి మాత్రం రెండు వాక్యాలు చాలు. మామూలు కాపరి గొర్రెల వల్ల బతుకుతాడు. యోహాను 10:11లో కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడు. తినేవాడికీ తినబడేదానికీ మధ్య ఉన్న లెక్క అక్కడ తిరగబడింది. ప్రకటన 7:17 వచ్చేసరికి ఇంకా విచిత్రం, గొర్రెపిల్లే కాపరి అవుతుంది. పెద్ద తరగతి పిల్లలైతే యెహెజ్కేలు 34:3, 10 కూడా చదివించండి. కొవ్వు తిని, ఉన్ని కప్పుకుని, మంద కడుపు మాత్రం చూడని కాపరుల నోట్లోంచి తన గొర్రెల్ని తప్పిస్తానని దేవుడు అంటాడు. (సంఘ కాపరులు కూడా ఏడాదికోసారి ఆ అధ్యాయం చదువుకోవడం మంచిది.)

జీతగాడి మాట వచ్చినప్పుడు ఒక జాగ్రత్త. మీ కూడికకు వచ్చేవాళ్లలో జీతానికి మందలు కాసేవాళ్లు ఉండవచ్చు. జీతం తీసుకోవడం తప్పన్నట్టు మాట్లాడకండి. యోహాను 10:12 తప్పు పట్టింది జీతాన్ని కాదు, తోడేలు వచ్చినప్పుడు వదిలేసి పారిపోవడాన్ని. యాకోబు లాబాను దగ్గర 20 ఏళ్లు జీతగాడే. నిర్గమకాండం 22:13 ప్రకారం మృగం చీల్చిన పశువు ముక్క సాక్ష్యంగా తెచ్చి చూపిస్తే కాపరి నష్టం కట్టనక్కర్లేదు. సింహం నోటి నుంచి కాపరి రెండు కాళ్లో చెవి ముక్కో విడిపిస్తాడని ఆమోసు 3:12లో చదివి విస్తుపోతాం గానీ, అలాంటి ముక్కే యజమానికి చూపించాల్సిన రుజువు. యాకోబు మాత్రం ఆ ముక్కలు తెచ్చి చూపకుండా నష్టం తానే భరించానంటాడు. పగలు ఎండ, రాత్రి మంచు, "నిద్ర నా కన్నులకు దూరమాయెను" అంటాడు (ఆదికాండం 31:38–40). మీ 20 నిమిషాల్లో ఒక్క ఉదాహరణకే చోటుంటే దీన్నే వాడండి. బైబిల్లో కాపరి పోలిక ఎక్కడ వచ్చినా అడగాల్సిన ప్రశ్న ఇదే: నష్టం ఎవరు భరించారు?

ఇప్పుడు కీర్తన. క్యాలెండర్ బొమ్మల్లో పచ్చటి బయళ్లు, తెల్లటి గుండ్రటి గొర్రెలు, నీలం ఏరు కనపడతాయి. అది యూరపు పల్లె. దావీదు ఊరు బేత్లెహేము సముద్రమట్టానికి సుమారు 770 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్లు పోతే మృత సముద్రం, అది సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ఆ కొద్ది దూరంలోనే వాన ఏటా దాదాపు 500 మిల్లీమీటర్ల నుంచి 100 లోపుకు పడిపోతుంది. వానలు అక్టోబరు, నవంబరుల్లో మొదలై ఏప్రిల్‌కు ఆగుతాయి. ఆ కొండవాలుల మీద పచ్చిక నిలిచేది చలికాలం చివర కొన్ని వారాలే. మిగతా ఏడంతా ఎండుగడ్డి, ముళ్లపొదలు, కోతలైన చేలలో మోళ్లు. కోతలయ్యాక చేలలో మంద తోలడం మీకు కొత్త సంగతేమీ కాదు కదా. అక్కడి పాతకాలపు గొర్రెలు కొవ్వు తోక గొర్రెలు. లేవీయకాండం 3:9లో బలిపశువు తోక కొవ్వు గురించి ప్రత్యేకంగా రాసింది అందుకే.

కాబట్టి "పచ్చికగల చోట్లు" అంటే గుమ్మం ముందు దొరికేవి కాదు. ఏ వాలు మీద వాన పడిందో, ఎక్కడ ఎన్ని రోజులు మేత వస్తుందో తెలిసినవాడు నడిపిస్తేనే చేరేవి. పచ్చిక దొరికాక కూడా పని ఉంటుంది. మన దగ్గర తొలకరికి మొలిచిన లేతగడ్డి మీద మందను ఆబగా వదిలితే చిటుక రోగం వచ్చి, సాయంత్రం దాకా బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. అందుకే వానలకు ముందే టీకా వేయిస్తారు, మొదటి రోజుల్లో ఎండుమేత పెట్టి గానీ లేతగడ్డి మీదకు వదలరు. కాపరి ఎప్పుడు మేపాలో ఎప్పుడు ఆపాలో తెలిసినవాడై ఉండాలి. గొర్రె కడుపు నిండి, భయం లేకుండా ఉంటేనే పడుకుని నెమరు వేస్తుంది. "పరుండజేయుచున్నాడు" అనే మాట వెనక ఇంత పని ఉంది.

"శాంతికరమైన జలములు" దగ్గర ఒక కథ ప్రచారంలో ఉంది: గొర్రె పారే నీళ్లు తాగదు, ముక్కులోకి నీళ్లు పోతాయని భయం అని. ఉధృతంగా పారే నీటికి బెదురుతుంది గానీ, నెమ్మదిగా పారే వాగులో హాయిగా తాగుతుంది. మీ వాగుల దగ్గర రోజూ చూస్తూనే ఉంటారు. కీర్తన పుట్టిన నేల మీద ఎక్కువ నీళ్లు బావుల నుంచీ తొట్ల నుంచీ తాగించాలి. ఆదికాండం 29లో బావి మీద పెద్ద రాయి, దాని చుట్టూ ఎదురుచూసే మందలు కనపడతాయి. నిర్గమకాండం 2లో మోషే మిద్యానులో నీళ్లు చేది మందకు పెట్టాడు. ఒక లెక్క వేసి చూపండి, సభకు పడుతుంది. ఎండాకాలంలో ఎండుమేత తినే గొర్రెకు రోజుకు సుమారు 4 నుంచి 8 లీటర్లు కావాలి. నూరు గొర్రెలకు 400 నుంచి 800 లీటర్లు. చేదకు 10 లీటర్లనుకుంటే 40 నుంచి 80 చేదలు తోడాలి, రోజూ.

దుడ్డుకర్ర, దండం రెండూ ఒకటి కావు. దుడ్డుకర్ర పొట్టిది, బరువైనది, మృగాన్ని కొట్టడానికి. దండం పొడవాటిది, ఆనుకోవడానికీ, దారి చూపడానికీ, మందను అదిలించడానికీ. లేవీయకాండం 27:32లో మంద కోల కింద నుంచి సాగుతుంటే లెక్క పెట్టి ప్రతి పదోదాన్నీ వేరు చేసిన ప్రస్తావన ఉంది. కాబట్టి కర్ర లెక్కకు కూడా పనికొచ్చేది, లెక్కలో ఉన్నామని గొర్రెకు ధైర్యం. "కర్ర అంటే దేవుడు మనల్ని కొట్టేది" అని ఎవరైనా విప్పితే, అదే వచనం ఆ కర్రా ఆ దండమూ "నన్ను ఆదరించును" అంటుందని గుర్తు చేయండి.

5వ వచనంలో "నూనెతో నా తల అంటియున్నావు" గురించి కూడా ఈగల మందు కథ వింటూ ఉంటాం: ముక్కులో గుడ్లు పెట్టే ఈగలు రాకుండా కాపరి గొర్రె తలకు నూనె రాస్తాడని. ఆ ఈగ నిజమే, ఇబ్బందీ నిజమే. కానీ కీర్తన అక్కడ బల్ల, గిన్నె, భోజనం అంటోంది. గొర్రెకు గిన్నె ఎందుకు? కాపరి పోలిక 4వ వచనంతో ఆగి, ఇక్కడ ఇంటికొచ్చిన అతిథికి మర్యాద చేసే గృహస్థుడు కనపడతాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, మాకూ అదే సరిగా తోస్తుంది. అతిథి తలకు నూనె రాయడం ఆనాటి మర్యాద. లూకా 7:46లో సీమోను తన తలకు నూనె అంటలేదని యేసు ఎత్తి చూపింది దాన్నే.

గొర్రె తెలివితక్కువ జంతువు, అందుకే దేవుడు మనల్ని గొర్రెలన్నాడు అనే మాట కూడా వదిలేయండి. గొర్రెదాటు మన సామెతల్లో ఉంది గానీ, జ్ఞాపకశక్తికి గొర్రెను తక్కువ చేయలేం. 2001లో కేంబ్రిడ్జి దగ్గరి బాబ్రహాం సంస్థ పరిశోధకులు గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాల్ని రెండేళ్ల దాకా గుర్తుపట్టగలవని ప్రచురించారు. యోహాను 10:4లో గొర్రెలు కాపరి స్వరం ఎరుగుతాయని ఉంది. యేసు చూపించింది వాటి గుర్తునే, వాటి తెలివితక్కువతనాన్ని కాదు. అలాగే కాపరి రాత్రి దొడ్డి గుమ్మానికి అడ్డంగా పడుకుని తానే తలుపవుతాడనే వర్ణన అందంగానే ఉంటుంది గానీ, యోహాను 10:3లో తలుపు తీసే ద్వారపాలకుడు వేరే ఉన్నాడు. రెంటినీ కలిపి చెబితే శ్రద్ధగా చదివేవాళ్లు అక్కడే పట్టుకుంటారు.

ఇక 4వ వచనం, శుక్రవారం మీరు నిలవాల్సిన చోటు. మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుడి గురించి "ఆయన" అని చెబుతూ వచ్చాడు. లోయలోకి దిగగానే "నీవు నాకు తోడై యుందువు" అన్నాడు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి పక్కన వాదీ కెల్ట్ అనే ఇరుకు లోయను యాత్రికులకు ఈ కీర్తన లోయగా చూపిస్తుంటారు. కీర్తనలో లోయ పేరు లేదు గానీ, అక్కడికి పోయినవాళ్లకు సంగతి అర్థమవుతుంది: నిట్టనిలువు రాళ్లు, ఎండ పడని అడుగు, ఎక్కడో కొండల మీద వాన పడితే ఉన్నట్టుండి వచ్చిపడే వరద. ఒక మేత నుంచి ఇంకో మేతకు చేరాలంటే అలాంటి లోయలు దాటక తప్పదు. నీతిమార్గంలో నడిపించాడన్న వచనం తర్వాతే లోయ వచ్చింది. అంటే లోయలో ఉన్నవాడు దారి తప్పినవాడని కీర్తన అనడం లేదు. లోయ ఎందుకొచ్చిందో కూడా చెప్పదు. మీరూ చెప్పకండి.

20 నిమిషాల్ని ఇలా వాడుకోండి. ఆరు వచనాలూ మెల్లగా చదవడానికి రెండు నిమిషాలు. బేత్లెహేము కొండలు, పచ్చిక, నీళ్ల లెక్క ఆరు నిమిషాలు. యాకోబు రెండు నిమిషాలు. లోయకు ఏడు. మిగిలిన మూడు నిమిషాల్లో యోహాను 10:11 చదివి ఆపేయండి. 5, 6 వచనాలు చదివితే చాలు, విడమర్చి చెప్పక్కర్లేదు. సమయం అయిపోతున్నకొద్దీ అన్నీ చెప్పాలనే తొందరలోనే పరాయి కథలు నోట్లోకి వస్తాయి.

గురువారమే ఆ అక్క ఇంటికి వెళ్లి, రేపు 23వ కీర్తన చెబుతున్నానని చెప్పండి. బాబు సమాధి కార్యక్రమంలో ఆ కీర్తనే చదివి ఉంటే ఆమెకు వినడం కష్టం కావచ్చు. వద్దంటే 121వ కీర్తనకు మార్చుకోండి, పెద్దలకు మీరే చెప్పుకోండి. సరేనంటే, మాట్లాడేటప్పుడు లోయ దగ్గర ఆమె వైపు చూడకండి, పేరు ఎత్తకండి, సాక్ష్యం చెప్పమని లేపకండి. ఆమెకు నచ్చిన ఒక ఆడమనిషిని ముందే పక్కన కూర్చోబెట్టుకోమనండి. ఏడిస్తే వెంటనే పాట ఎత్తి కప్పేయాల్సిన పని లేదు, కాసేపు ఆగి కొనసాగించండి. చివరి ప్రార్థన చేసేవారు ఎవరో మీరే నిర్ణయించుకోండి. పెద్దాయనే చేస్తానంటే, ఆ కుటుంబం కోసం రెండు నిమిషాలు ప్రార్థించమని, ఉపదేశం కలపవద్దని ముందే చెప్పి ఉంచండి.